కాట్టుపల్లి మడచెట్లు: పటంలో ఉన్నవీ లేనివీ

మొన్న ఒక ఆదివారం పొద్దున ఆరు కాకముందే మా చెల్లెలి కూతురు వచ్చి తలుపు కొట్టింది. "మామా, లెయ్. ఆటు నీళ్లు తీసే వేళకి కాట్టుపల్లిలో ఉండాలి" అంది. చదువులో భాగంగా దానికో పని ఇచ్చారు. ఎన్నూరు నుంచి పులికాట్ దాకా ఒడ్డు వెంట ఉన్న మడచెట్లను ఉపగ్రహం తీసిన ఫోటోల్లో గుర్తించి పటం గియ్యాలి. గీసింది నిజమో కాదో అక్కడికి వెళ్లి చూసి రావాలి. ఎప్పుడూ కూడా వెళ్లే స్నేహితురాలికి జ్వరం. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. రిటైరై ఇంట్లో కూర్చున్న మామ దొరికాడు!

తండియార్‌పేటలో గుమ్మిడిపూండి బండి ఎక్కాం. ఎన్నూరు దాటితే కిటికీలో కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తాయి. అత్తిపట్టు పోయాక మీంజూరులో దిగి షేర్ ఆటో పట్టుకుని తూర్పుకి వెళ్లాం. కాట్టుపల్లి అంటే ఏదో మూల పల్లె అనుకునేరు. మద్రాసు తాగే నీళ్లలో కొన్ని అక్కడివే. సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంటు 2010 నుంచి అక్కడ ఉంది. రోజుకి 10 కోట్ల లీటర్లు దాని సామర్థ్యం. పక్కనే కంటైనర్లు దించే రేవు. కొంచెం కిందికి కామరాజర్ రేవు, అది 2001లో మొదలైంది. ఒకప్పుడు ఇసుకా, సరుగుడు తోపులూ, కుప్పాలూ మాత్రమే ఉన్న చోట ఇప్పుడు రాత్రిపూట కూడా క్రేన్ల దీపాలు ఆరవు.

ఊరు ఉన్న తీరు చెప్తాను. తూర్పున బంగాళాఖాతం. పడమర బకింగ్‌హామ్ కాలువ, కుశస్థలి నది వచ్చి కలిసే ఉప్పుటేరు. దక్షిణాన ఎన్నూరు మొగ. ఉత్తరాన మన తెలుగువాళ్లు ప్రళయ కావేరి అనే పులికాట్ సరస్సు. వీటి మధ్య సన్నటి ఇసుక పట్టీ, దాని మీద కాట్టుపల్లి. అరవంలో కాడు అంటే అడవి. ఊరి పేరులోనే అడవి ఉంది. పులికాట్‌ని అరవంలో పళవేర్కాడు అంటారు, అందులోనూ వేరూ కాడూ రెండూ వినిపిస్తాయి. ఆటోలోంచి చూస్తే మాత్రం నాకు ఎక్కడా అడవి కనిపించలేదు.

"పైకి చూస్తే కనిపించదు మామా, కిందికి చూడాలి" అంది పాప.

ఆటో దిగి కాలువ గట్టు మీదికి ఎక్కాం. నీళ్లు తీస్తున్నాయి. బురదలోంచి వేల కొద్దీ పెన్సిళ్లు నిలబెట్టినట్టు సన్నటి పుల్లలు పైకి వచ్చాయి. అవి పుల్లలు కాదట, తెల్ల మడచెట్టు ఊపిరి వేళ్లు. ఆ బురదలో గాలి ఉండదు కాబట్టి వేరే పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. ఒక ఆకు కోసి నాలుక మీద పెట్టమంది. ఉప్పగా ఉంది. తాగిన నీళ్లలోని ఉప్పును ఆకు మీదుగా బయటికి తోసేస్తుంది ఆ చెట్టు. గట్టుకి పైన తిల్ల చెట్టు ఒకటి చూపించింది. కొమ్మ విరిస్తే పాలు కారతాయి, కంట్లో పడితే ప్రమాదం అంది. చిదంబరానికి తిల్లై అన్న పాత పేరు ఈ చెట్టు వల్లే వచ్చింది.

అరవంలో ఈ అడవిని అలైయాత్తి కాడు అంటారు, అలల్ని శాంతింపజేసే అడవి అని. 2004 సునామీ అప్పుడు చిదంబరం దగ్గర పిచ్చావరంలో మడ అడవి వెనక ఉన్న పల్లెలకు నష్టం తక్కువ జరిగిందని తర్వాత చూసినవాళ్లు రాశారు. తుఫాను మాట అటుంచితే, రొయ్య పిల్లలు సముద్రంలోంచి వచ్చి ఈ వేళ్ల మధ్యే పెరిగి మళ్లీ సముద్రంలోకి పోతాయి. మనం సంతలో కొనే రొయ్యకి పుట్టిల్లు సముద్రం అయితే, పెరిగిన ఇల్లు ఇది.

గట్టు మీద కూర్చుని పాప రెండు ఫోటోలు తీసింది. రెండూ ఇదే చోటువి, ఆకాశం నుంచి తీసినవి. చెట్లున్న చోట ఆకుపచ్చ లేదు, ఎర్రగా ఉంది. రంగులు తారుమారు అయ్యాయేమో అన్నాను. కాదట. మన కంటికి కనపడని ఒక రకం వెలుతురు ఉంది. పచ్చి ఆకు దాన్ని బాగా తిప్పికొడుతుంది, నీళ్లు మింగేస్తాయి. ఆ వెలుతురుకి ఎరుపు రంగు ఇచ్చి అచ్చు వేస్తారు. అందుకని చెట్లు ఎర్రగా, నీళ్లు నల్లగా పడతాయి. మడ కింద ఎప్పుడూ తడి బురదే కాబట్టి, మామూలు తోపు కంటే దాని ఎరుపు కొంచెం ముదురుగా ఉంటుంది.

నాకు బాగా అర్థమైంది మాత్రం తర్వాత చెప్పిన సంగతి. ఫోటోని బాగా పెద్దది చేస్తే గడులు గడులుగా విడిపోతుంది. ఇరవై ఎనిమిదేళ్లు వీవింగ్‌లో పనిచేసినవాణ్ణి, గడులంటే నాకు కొత్తా? బట్ట మీద చిన్న భూతద్దం పెట్టి అంగుళానికి పడుగు ఎన్ని దారాలు, పేక ఎన్ని దారాలు అని లెక్కపెట్టే పని మాది. నేత చిక్కగా ఉంటే సన్నటి పువ్వు కూడా బట్టలో పడుతుంది. ముతక నేతలో సన్నటి పువ్వు పడదు. ఉపగ్రహం ఫోటో కూడా అంతే. మన రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలో అడవుల లెక్కకి వాడే కెమెరా గడి పొడవు 23.5 మీటర్లు, వెడల్పు 23.5 మీటర్లు. అంటే ఒక గడి సుమారు 13 సెంట్లన్నర నేల. ఆ గడిలో ఇల్లున్నా, చెట్టున్నా, గుంట ఉన్నా అన్నీ కలిపి ఒకే రంగు. యూరప్ వాళ్ల సెంటినెల్ ఉపగ్రహానిది 10 మీటర్ల గడి, అంటే రెండున్నర సెంట్లు. నేత కొంచెం చిక్కన.

రిసోర్స్‌శాట్ అంటే ఎక్కడిదో అనుకోకండి. కాట్టుపల్లి నుంచి ఒడ్డు వెంట ఉత్తరానికి యాభై కిలోమీటర్లు కూడా ఉండదు శ్రీహరికోట. అదీ పులికాట్‌కీ సముద్రానికీ మధ్య ఉన్న ఇసుక పట్టీయే. 2016 డిసెంబరు 7న, జయలలితగారి అంత్యక్రియలు జరిగిన మరునాడు, రిసోర్స్‌శాట్-2ఏ అక్కడి నుంచే లేచింది. అది పంపే ఫోటోలు దిగేది హైదరాబాదు పక్కన షాద్‌నగర్‌లో. మన మిద్దె మీదికెక్కి రాకెట్ చూసి చప్పట్లు కొట్టి కిందికి దిగిపోతాం. అది మళ్లీ మన పెరటినే చూస్తుందని నాకు ఇన్నాళ్లూ తట్టలేదు.

ఆ ఫోటోలతో డెహ్రాడూన్‌లోని అటవీ సర్వే సంస్థ రెండేళ్లకొకసారి దేశం అడవుల లెక్క వేస్తుంది. 1987లో వేసిన మొదటి లెక్కలో దేశం మొత్తం మడ అడవి 4,046 చదరపు కిలోమీటర్లు. 2021లో 4,992. తమిళనాడుది 23 నుంచి 45కి పెరిగింది. ఆంధ్రది 495 నుంచి 405కి తగ్గింది, అందులో ఎక్కువ భాగం గోదావరి, కృష్ణ నదులు సముద్రంలో కలిసే చోట ఉంది. అప్పటికీ ఇప్పటికీ కెమెరాలు, పద్ధతులు మారాయి కాబట్టి ఈ అంకెలను పక్కపక్కన పెట్టేటప్పుడు జాగ్రత్తగా చూడాలని పాప హెచ్చరించింది. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆ లెక్కలోకి రావాలంటే అడవి కనీసం ఒక హెక్టారు ఉండాలి, అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. అంతకంటే చిన్న ముక్క ఆ పటంలోకి ఎక్కదు.

"మరి చిన్న ముక్కల సంగతి?" అన్నాను.

"అదే కదా మనం వచ్చింది" అని లేచింది.

మొదట ఫోటోలో ముదురు ఎరుపున్న ఒక పెద్ద ముక్క దగ్గరికి తీసుకెళ్లింది. పటంలో అది మడ అని తనే గీసుకుంది. వెళ్లి చూస్తే సర్కారు తుమ్మ! ఇసుక దిబ్బ చుట్టూ తడి నేలలో దట్టంగా అల్లుకుంది. ఆకాశం నుంచి చూస్తే ఇదీ ఎరుపే, అదీ ఎరుపే. దాని ముఖం చిన్నబోయింది. నోటుబుక్కులో కొట్టేసి, ఫోనులో ఆ చోటు గుర్తు పెట్టుకుని "ఇది మడ కాదు" అని రాసుకుంది. లేనిదాన్ని ఉందని రాయడమూ తప్పే అంది. ఆ మాట నాకు నచ్చింది.

అక్కడి నుంచి కాలువ పక్కగా అరగంట నడిచాం. ఒక చోట నీళ్ల అంచున సన్నటి వరసగా మడచెట్లు, కొన్ని నా ఎత్తు, కొన్ని రెండు మనుషుల ఎత్తు. వాటి మొదళ్లలో మోకాటి లోతు నీళ్లలో ఒక ఆమె కూర్చుని ఉంది. రెండు చేతులతో బురద తడిమి రొయ్యల్ని పట్టుకుని, పళ్లతో పట్టుకున్న తాటాకు సంచిలో వేసుకుంటోంది. ఇరుళర్ల ఆమె. నోట్లో సంచి ఉంది కాబట్టి మొదట తల మాత్రం ఊపింది. తర్వాత గట్టెక్కి సగం అరవం సగం తెలుగు మాట్లాడింది. వాళ్ల వాళ్లు గుమ్మిడిపూండి వైపు ఉన్నారట, అక్కడ తెలుగే మాట్లాడతారట.

"ఏం కొలుస్తా ఉండారు సామీ? రోడ్డు వేస్తారా?" అని అడిగింది. కొలత టేపు కనపడితే అక్కడివాళ్లకి ముందు వచ్చే అనుమానం అదే. రేవు కట్టేటప్పుడు ఒక కుప్పం మొత్తం లేచి వేరే చోటికి పోయింది కదా. ఇప్పుడు 330 ఎకరాల రేవును 6,110 ఎకరాలకు పెంచాలనే ప్రతిపాదన ఉంది. దాని మీద ప్రజల అభిప్రాయం వినే సభను 2021లో పెడతామన్నారు, 2023లో పెడతామన్నారు, రెండు సార్లూ వాయిదా పడింది. అందుకని టేపు చూస్తే వాళ్లకి గుండె దడ.

"లేదక్కా, ఈ చెట్లని కొలుస్తున్నాం, పటంలో పెట్టడానికి" అంది పాప.

"ఇప్పుడు పటంలో లేవా?"

పాప ఫోటో చూపించింది. ఆ చోట నల్లటి కాలువ, పక్కన బూడిద రంగు నేల. ఎరుపు లేదు. అక్కడక్కడా ఒకటీ రెండూ గడులు కొంచెం గులాబీ రంగులో ఉన్నాయి, అంతే.

ఎందుకు లేదో కొలిచాక తెలిసింది. పొడవు 150 మీటర్లు. వెడల్పు ఒక చోట పది, ఒక చోట ఆరు, సగటున 8 మీటర్లు. 23.5 మీటర్ల గడిలో 8 మీటర్ల పట్టీ అంటే మూడో వంతు మడ, మిగతా రెండొంతులు నీళ్లూ బురదా. గడికి ఉన్నది ఒకటే రంగు కాబట్టి ఎక్కువ ఉన్నదాని రంగే గెలుస్తుంది. 10 మీటర్ల గడిలో అయితే కొంచెం నయం. గడి సరిగ్గా చెట్ల మీద పడితే దొరుకుతుంది, గీత చెట్ల మధ్య పడితే రెండు గడులకూ సగం సగం పోయి దేనిలోనూ నిలవదు.

నూటయాభై ఎనిమిదులు 1,200 చదరపు మీటర్లు, సుమారు 30 సెంట్లు. ఈ అంకె రాయగానే పాప కళ్లు మెరిశాయి. ఎందుకంటే తీరప్రాంత నియంత్రణ చట్టం ప్రకారం మడ ఎంత చిన్నదైనా కాపాడాల్సిన మొదటి తరగతిలో వస్తుంది. అది 1,000 చదరపు మీటర్లు దాటితే దాని చుట్టూ 50 మీటర్ల మేర కూడా కాపుగా వదలాలి. సొంత భూమిలోని మడకి ఈ 50 మీటర్ల హద్దు వర్తించదు. ఇది కాలువ పొరంబోకు. దేశం లెక్క పటానికి 10,000 చదరపు మీటర్లు కావాలి, చట్టానికి 1,000 చాలు. ఈ రెండు అంకెల మధ్య పడిపోయే ముక్కలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. చట్టం ఉందంటుంది, పెద్ద పటం లేదంటుంది. తీరానికి వేరే పటాలు ఉన్నాయి, ఇంకా దగ్గరగా చూసి గీస్తారు. అవీ తప్పు పోవచ్చు. ఎన్నూరు ఉప్పుటేరు విషయంలో 1996 నాటి పటానికీ, ఆ తర్వాతి పటానికీ తేడా ఉందని జాలర్లూ వాళ్ల తరఫువాళ్లూ 2017లో బయటపెట్టారు. మొదటి పటంలో ఏరు ఉన్న చోట రెండో పటంలో ఏరు లేదు.

ఇది విన్నాక నాకు మా మిల్లు గుర్తొచ్చింది. మీలో చాలామంది ఇళ్లలో ఉన్న కథే. పాప వాళ్ల నాన్న, అంటే మా బావ, మిల్లులో బదిలీ మనిషి. రోజూ గేటు దగ్గర నిలబడి, ఎవరు రాకపోతే వాళ్ల మగ్గం మీద నిలబడేవాడు. ఎనిమిదేళ్లు అలాగే చేశాడు. నాకంటే చెయ్యి సన్నం, దారం తెగితే క్షణంలో కలిపేవాడు. మిల్లు మూతపడ్డాక డబ్బు లెక్క వేసినప్పుడు పర్మనెంట్ రిజిస్టరులో పేరు లేదన్నారు. అతను నేసిన బట్ట ఉంది, కట్టుకున్నవాళ్లు ఉన్నారు, పక్క మగ్గం మీద నేను సాక్షి ఉన్నాను. పుస్తకంలో పేరు మాత్రం లేదు. ఆ రోజు అతను గట్టిగా మాట్లాడలేదు. "నేను రాలేదనే అనుకుంటారా?" అని ఒక్క మాట అడిగాడు. దానికి జవాబు నా దగ్గర లేదు, ఇప్పటికీ లేదు.

పాపకి ఇదంతా తెలుసు. ఆ గట్టు మీద నేనూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. కానీ ఆ ముప్పై సెంట్లను రెండోసారి కొలుద్దాం మామా అన్నప్పుడు, ఎండ నెత్తి మీదికి వచ్చినా, నేను కాదనలేదు. రెండోసారి 148 మీటర్లు వచ్చింది. చిన్న అంకెనే రాసుకుంది. ఎవరైనా వచ్చి మళ్లీ కొలిస్తే మన మాట నిలబడాలి కదా అంది. 148 ఎనిమిదులు వేసినా 1,184. వెయ్యి దాటింది.

ఆ అక్క చూస్తూ కూర్చుని ఇంకో సంగతి చెప్పింది. 2023 డిసెంబరు తుఫాను వరదలో చమురు కొట్టుకొచ్చినప్పుడు ఎన్నూరు ఉప్పుటేరు పొడుగునా మడ వేళ్లు నల్లబడ్డాయి. చేతులు బురదలో పెడితే జిడ్డు, దురద. చాలా రోజులు రొయ్యలు ఎవరూ కొనలేదు. "అది మీ ఫోటోలో పడిందా?" అని అడిగింది. పాప నిజం చెప్పింది. నీళ్ల మీద పరుచుకున్న చమురైతే ఫోటోలో పడొచ్చు. ఆకుల కింద వేళ్లకి పట్టింది పడదు. పైనుంచి చూస్తే చెట్టు పచ్చగానే ఉంటుంది. వేరు ఊపిరాడక చెట్టు ఆకు రాల్చినప్పుడే ఫోటోకి తెలుస్తుంది. అప్పటికి ఆలస్యం. వేళ్ల మధ్య రోజూ చెయ్యి పెట్టే మనిషికి మాత్రం మొదటి రోజే తెలుస్తుంది.

అలాగని ఉపగ్రహాన్ని తీసిపారెయ్యడానికి లేదు. దానికి మనిషికి లేని గుణం ఒకటుంది, మరిచిపోదు. అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ 1972 నుంచి భూమిని ఫోటోలు తీస్తోంది. 2008 నుంచి ఆ పాత ఫోటోలన్నీ ఎవరైనా డబ్బు కట్టకుండా తీసుకోవచ్చు. పాప ఫోనులో ఎనభైల నాటి కాట్టుపల్లి చూపించింది. రేవులు లేవు. నీళ్లు ఎంత మేర ఉన్నాయో నల్లగా కనిపిస్తోంది. ఇక్కడ ఎప్పుడూ మెట్టనేలే అని ఎవరైనా అంటే, కాదు ఏరు ఉండేదని చెప్పే సాక్షి అది. ముసలివాళ్ల మాట నమ్మనివాళ్లు కూడా ఆ ఫోటోని కాదనలేరు. సన్నటి పట్టీని అది చూడలేదు, ఆ అక్క చూసింది. నలభై ఏళ్ల కిందటిది ఆ అక్క చూడలేదు, అది చూసింది. రెండూ కలిస్తేనే పటం.

తిరిగి వచ్చేటప్పుడు అక్క పాపని పిలిచి, "మేం ఈడ రొయ్యలు పడతామని కూడా రాస్తావా?" అని అడిగింది. పటంలో చెట్లకే చోటు ఉంది, మనుషులకు గడి లేదు. పాప కాసేపు ఆలోచించి, పక్కన వివరం రాసే చోట "ఇక్కడ చేతితో రొయ్యలు పట్టేవారు ఉన్నారు, ఆదివారం ఉదయం చూశాం" అని తెలుగులో రాసింది. అప్పజెప్పేటప్పుడు ఇంగ్లీషులోకి మారుస్తానంది. దాన్ని ఎవరు చదువుతారో, పై పటంలోకి ఎక్కిస్తారో లేదో మాకు తెలియదు.

మీరూ ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని వెళ్లండి. మీంజూరులో దిగితే షేర్ ఆటోలు ఉంటాయి. టోపీ, మంచినీళ్లు, బురదలో పోయినా బాధలేని చెప్పులు తీసుకెళ్లండి. నీళ్లు తీసే వేళ చూసుకుని పోతేనే ఊపిరి వేళ్లు కనిపిస్తాయి. వాటిని తొక్కకండి. ఆకు ఒకటి నాలుక మీద పెట్టి చూడమనండి పిల్లల్ని. ఫోనులో ఫోటో తీస్తే తేదీ, చోటు పడేలా తియ్యండి, అదీ ఒక సాక్ష్యమే.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటే బురద నీళ్లు నల్లగా పోయాయి. రాత్రి పాప వాళ్ల నాన్న దగ్గర కూర్చుని నోటుబుక్కు చూపిస్తోంది. "ఇది ఇంతకు ముందు పటంలో లేదు నాన్నా" అంది. బావ కళ్లజోడు పెట్టుకుని ఆ అంకెను రెండుసార్లు చదివాడు. "రెండో సాక్షి సంతకం పెట్టించావా?" అని అడిగాడు. పాప బుక్కు నా వైపు తిప్పింది. 148 మీటర్ల పక్కన నా పేరు రాసి సంతకం పెట్టాను.